గొడవ ముదరకముందే పోలీసును, కలెక్టరును కదిలించడం ఎలా?

ఊళ్లో రెండు వర్గాల మధ్య ఏదో రాజుకుంటోందని టీ కొట్టు దగ్గర తెలుస్తుంది, ఆటోస్టాండులో తెలుస్తుంది, ఆఖరికి బడి పిల్లలకూ తెలుస్తుంది. తీరా దుకాణాలు తగలబడ్డాక మాత్రం "ఇంతదాకా వస్తుందని ఊహించలేదు" అంటారు అధికారులు. వాళ్లకు ముందే తెలుసని మీరు రుజువు చేయలేరు. ఎందుకంటే చెప్పినవాళ్లంతా నోటిమాటగా చెప్పారు, ఎస్సై గారు తలాడించారు, అంతటితో సరి.

అల్లర్లు ఆపే బాధ్యత చట్టం ఎవరి మీద పెట్టింది, దాన్ని వాళ్ల చేత చేయించుకోవాలంటే ముందు ఏం చేయాలి, ఆ రాత్రి ఏం చేయాలి, తెల్లారాక ఏం చేయాలి అన్నది వరసగా చెబుతాను. మీరు కాలనీ సంఘంలో ఉన్నా, గుడి కమిటీలోనో మసీదు కమిటీలోనో ఉన్నా, మూల మీద చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటున్నా పనికొస్తుంది. తెలంగాణకూ, ఆంధ్రప్రదేశ్‌కూ వర్తిస్తుంది. 2024 జూలై 1 నుంచి పోలీసులు, కోర్టులు నడవాల్సిన పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ బదులు బీఎన్‌ఎస్‌ఎస్, నేరాలకు శిక్షలు చెప్పే ఐపీసీ బదులు బీఎన్‌ఎస్ వచ్చాయి. స్టేషన్లలో ఇంకా చాలామంది నోట పాత నంబర్లే పలుకుతాయి కాబట్టి, ముఖ్యమైన చోట్ల రెండూ ఇస్తున్నాను.

ముందు ఎవరి చేతిలో ఏముందో తెలుసుకోండి

శాంతిభద్రతలు, పోలీసు రెండూ రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో మొదటి రెండు పద్దులు. అంటే జవాబు చెప్పాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. నీలం మచ్చల యూనిఫాంలో వచ్చే ఆర్‌ఏఎఫ్ (ర్యాపిడ్ యాక్షన్ ఫోర్స్) లాంటి కేంద్ర బలగాలు, రాష్ట్రం అడిగితే సాయానికి వచ్చేవే. ఆర్‌ఏఎఫ్ 99వ బెటాలియన్ హైదరాబాద్‌లోనే ఉంటుంది కాబట్టి ఇక్కడ వాళ్ల ఫ్లాగ్ మార్చ్‌లు తరచూ చూస్తాం. బలగాలు దిగాయి కదా, ఇక స్థానిక స్టేషన్‌కు పని లేదనుకోవడం మాత్రం పొరపాటు. కేసు రాసేదీ, మనుషుల్ని పట్టుకునేదీ ఆ స్టేషన్ వాళ్లే.

మీకు అవసరమయ్యే కుర్చీలు కొన్నే. స్టేషన్ హౌస్ ఆఫీసర్, అంటే చోటును బట్టి ఇన్‌స్పెక్టరో ఎస్సైయో. ఆయన మీద ఏసీపీ లేదా డీఎస్పీ. ఆ పైన నగరంలో పోలీస్ కమిషనర్, జిల్లాలో ఎస్పీ. ఇంకో వైపు రెవెన్యూ వాళ్లు: కలెక్టరు, ఆర్డీవో, తహసీల్దారు. వీళ్లెందుకు అంటారేమో. జనం గుమిగూడకుండా ఆంక్షలు పెట్టే ఉత్తర్వు (బీఎన్‌ఎస్‌ఎస్ 163, మనందరికీ తెలిసిన పాత 144) జిల్లాల్లో ఇచ్చేది ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్లు, అంటే ఈ రెవెన్యూ అధికారులే. గొడవలు చేసే అలవాటున్నవాళ్లను బైండోవర్ చేసేదీ (మళ్లీ గొడవ చేయబోమని పూచీకత్తు రాయించుకునేదీ) మామూలుగా తహసీల్దారు ఎదుటే. కమిషనరేట్ ఉన్న నగరాల్లో ఈ అధికారాలు కమిషనర్ దగ్గరే ఉంటాయి. కాబట్టి మీ ఊరు ఎస్పీ కిందికి వస్తుందా, కమిషనర్ కిందికి వస్తుందా అన్నది ముందే తెలిసి ఉండాలి. జిల్లాలో ఉండి కలెక్టరుకు ప్రతి పంపకపోతే సగం పని చేసినట్టే.

మూడు సెక్షన్లు మాత్రం గుర్తుపెట్టుకోండి. బీఎన్‌ఎస్‌ఎస్ 168 (పాత 149): కేసు పెట్టదగ్గ నేరం జరగకుండా ప్రతి పోలీసు అధికారీ తన శక్తి మేరకు ఆపి తీరాలి. ఇది ఆయన ఇష్టానికి వదిలేసిన సంగతి కాదు. 169 (పాత 150): అలాంటి నేరానికి పథకం వేస్తున్నారన్న సమాచారం అందితే, దాన్ని పై అధికారికి చేరవేయాలి. 170 (పాత 151): ఇంకో దారి లేదనిపిస్తే వారంటు లేకుండా ముందస్తుగా అదుపులోకి తీసుకోవచ్చు, అయితే 24 గంటలకు మించి ఉంచకూడదు. నా లెక్కలో వీటిలో అన్నిటికంటే పదునైనది 169. మీరు రాసి ఇచ్చిన కాగితాన్ని పైకి పంపకుండా డ్రాయర్లో పడేస్తే తప్పు అక్కడే మొదలవుతుంది, ఆ తప్పుకు తేదీ కూడా ఉంటుంది.

ఇంకొకటి. మూకదాడుల మీద 2018 జూలైలో తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు, ప్రతి జిల్లాకూ ఎస్పీ హోదాకు తగ్గని నోడల్ అధికారి ఉండాలని చెప్పింది. తెలిసి కూడా చర్య తీసుకోని అధికారి మీద శాఖాపరమైన విచారణ జరపాలనీ, దాన్ని ఆరు నెలల్లో ముగించాలనీ కూడా చెప్పింది. మీ జిల్లాకు ఆ నోడల్ అధికారి ఎవరో ఎస్పీ కార్యాలయంలో అడగండి. అడిగితే బల్ల వెనకున్నవాళ్లు మొహమొహాలు చూసుకోవచ్చు. అలాంటప్పుడు అదే ప్రశ్న సమాచార హక్కు దరఖాస్తుగా పెట్టండి.

సంకేతాలను రోజువారీగా రాసుకోండి

అల్లరి పుట్టడానికి కారణం దాదాపు ఎప్పుడూ చిన్నదే. 2010 మార్చిలో హైదరాబాద్ పాతబస్తీలో పండుగ జెండాలు ఎవరి స్తంభానికి ఎవరు కట్టారన్న దగ్గర మొదలైంది, కర్ఫ్యూ దాకా వెళ్లింది. 2020 జనవరిలో భైంసాలో సైలెన్సర్లు తీసేసిన బైకుల మోత మీద రాత్రిపూట వచ్చిన తగువు ఇళ్లు తగలబడేదాకా పోయింది. జెండా, బైకు మోత, డీజే పాట, దారిలో ఆగిన ఊరేగింపు, పశువుల రవాణా, ప్రేమ వ్యవహారం, ఫ్లెక్సీ చింపడం... మన దగ్గర మళ్లీ మళ్లీ కనిపించే జాబితా ఇదే. వీటిలో ఏదో ఒకటి మీ వీధిలో రెండోసారి జరిగిందంటే నోటుపుస్తకం తీయండి.

ఏం రాయాలి? తేదీ, సమయం, చోటు, మీ కళ్లతో చూసింది. "ఫలానా వర్గం వాళ్లు రెచ్చగొడుతున్నారు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "14వ తేదీ రాత్రి 11.20కి నాలుగు బైకులు, నంబర్లు ఇవి, మసీదు సందులో మూడుసార్లు తిరిగాయి, హారన్లు కొట్టారు, పైనుంచి ఎవరో నీళ్లు పోశారు" అని రాస్తే అది సమాచారం. విన్నదాన్ని విన్నట్టుగా, చూసినదాన్ని చూసినట్టుగా విడివిడిగా పెట్టండి. మీ సొంత వర్గం కుర్రాళ్లు చేసింది కూడా రాయండి. కష్టమే, ఇంట్లోవాళ్లే తిడతారు. కానీ ఒకవైపే రాసిన ఫిర్యాదును ఏ ఇన్‌స్పెక్టరైనా మొదటి పేజీలోనే పోల్చుకుంటాడు.

వాట్సాప్‌లో తిరిగే వీడియోల సంగతి. వచ్చిన మెసేజ్‌ను పదిమందికి పంపి "చూడండి ఎంత ఘోరమో" అన్నారంటే ఆ నేరంలో మీరూ భాగం పంచుకున్నట్టే. స్క్రీన్‌షాట్ తీయండి, పంపిన నంబరు, గ్రూపు పేరు, సమయం కనిపించేలా. ఆ తర్వాత స్టేషన్‌కు తప్ప ఎవరికీ పంపకండి. 2022 మేలో కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురం అంటుకుంది. 144 అమల్లో ఉండగానే వేలమంది రోడ్డెక్కి మంత్రి ఇంటిని, ఎమ్మెల్యే ఇంటిని తగలబెట్టారు. ఆ తర్వాత పోలీసులు కుర్రాళ్లను పట్టుకున్నది చాలావరకు సీసీ కెమెరాల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ వెతికి. అక్కడ నేర్చుకోవాల్సింది ఇంకోటి కూడా ఉంది: 144 ఉత్తర్వు ఒక్కటే ఎవరినీ ఆపదు. దాన్ని అమలు చేసేంత బందోబస్తు పెట్టారా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

అర్జీ ఇవ్వండి, ముద్ర వేయించుకోండి

అసలు పని ఇదే. అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఐదారుగురు సంతకం చేయాలి, కుదిరితే రెండు వర్గాల వాళ్లూ ఉండాలి. రెండు వైపుల పేర్లున్న కాగితాన్ని పక్కన పడేయడం ఏ అధికారికీ అంత తేలిక కాదు. నమూనా ఇలా ఉంటుంది:

"స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి,
విషయం: మా బస్తీలో ఘర్షణ జరిగే ప్రమాదం గురించి ముందస్తు సమాచారం, బీఎన్‌ఎస్‌ఎస్ 168, 169, 170 సెక్షన్ల కింద నివారణ చర్యల కోసం వినతి.
అయ్యా, గత వారం రోజుల్లో మా వీధిలో ఈ కింది సంఘటనలు జరిగాయి (తేదీ, సమయం, చోటు వరసగా). వచ్చే శుక్రవారం సాయంత్రం ఈ దారిలో ఊరేగింపు ఉంది. అదే సమయంలో ప్రార్థనలు ముగిసి జనం బయటికి వస్తారు. ఘర్షణ జరిగే అవకాశం ఉందని భయపడుతున్నాం. దయచేసి: ఒకటి, ఆ రోజు మధ్యాహ్నం నుంచే ఫలానా కూడలిలో పికెట్ పెట్టించండి. రెండు, ఊరేగింపు దారి, సమయం ముందే ఖరారు చేసి నిర్వాహకుల చేత రాతపూర్వకంగా ఒప్పించండి. మూడు, గతంలో కేసులున్నవారిని బైండోవర్ చేయించండి. నాలుగు, పనిచేయని సీసీ కెమెరాలను బాగు చేయించండి. ఐదు, రెండు వర్గాల పెద్దలతో శాంతి కమిటీ సమావేశం పెట్టండి. ఈ సమాచారాన్ని పై అధికారులకు చేరవేసి, జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ పుస్తకంలో) నమోదు చేసి, నమోదు నంబరు మాకు తెలియజేయగలరు."

ఈ అర్జీకి బలం అంతా అడిగిన పనులు ఎంత కచ్చితంగా ఉన్నాయన్నదాంట్లోనే ఉంది. "తగిన చర్యలు తీసుకోగలరు" అని రాస్తే వాళ్లు తీసుకున్నదే తగిన చర్య అవుతుంది. పికెట్ ఏ కూడలిలోనో, ఎన్ని గంటల నుంచో రాశారనుకోండి, రేపు ఆ కూడలిలోనే రాళ్లు పడితే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే.

ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం పెట్టించుకోండి. "సార్ లేరు, రేపు రండి" అంటే గొడవ పెట్టుకోవద్దు. నేరుగా పోస్టాఫీసుకు వెళ్లి ఎక్‌నాలెడ్జ్‌మెంటుతో స్పీడ్ పోస్టు చేయండి, రసీదు దాచండి. ప్రతులు డీఎస్పీ లేదా ఏసీపీకి, ఎస్పీ లేదా కమిషనర్‌కు, కలెక్టరుకు, ఆర్డీవోకు పంపండి. సోమవారం కలిసొస్తే కలెక్టరేట్‌లో అర్జీల రోజు ఉంటుంది. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు పడుతుంది. ఈ మొత్తానికి వందో రెండొందలో ఖర్చు.

శాంతి కమిటీ సమావేశం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అందులో టీ, బిస్కెట్లు, గంగా జమునా తెహజీబ్ (హిందూ ముస్లింల కలగలుపు సంస్కృతి) మీద ఉపన్యాసాలు, ఫొటో, ఇంతే అయితే వెళ్లడం దండగ. ప్రతిసారీ అవే నాలుగు తెల్లబట్టలు, అవే ముఖాలు, వాళ్ల మాట వీధిలో ఒక్క కుర్రాడూ వినడు. సమావేశంలో మీరు రాబట్టాల్సినవి మూడే మూడు: దారి ఏది, ఏ చోట డీజే ఆపాలి, ఏ గంటకల్లా ముగియాలి. వీటిని మినిట్స్‌లో (సమావేశం రికార్డులో) రాయించి సంతకాలు పెట్టించండి. హైదరాబాద్‌లో 2024 అక్టోబరు 1న పోలీస్ కమిషనర్ మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను, బాణసంచాను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అలాంటి ఉత్తర్వు మీ ఊళ్లో ఉంటే దాని ప్రతి జేబులో పెట్టుకుని వెళ్లండి. లేకపోయినా, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ల మీద శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఆంక్ష ఉంది. ఊరేగింపుకు లైసెన్సు, షరతులు పెట్టే అధికారం పోలీస్ యాక్ట్ సెక్షన్ 30 కింద పోలీసులకు ఎప్పటినుంచో ఉంది.

మంచి ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. 2023లో హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకే రోజు, సెప్టెంబరు 28న వచ్చాయి. మిలాద్ జులూస్ నిర్వాహకులు ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. మరుసటి ఏడాది మళ్లీ అదే ఇబ్బంది వస్తే జులూస్‌ను సెప్టెంబరు 19కి జరిపారు. అలాంటి సర్దుబాటు ముందు రోజు రాత్రి ఠాణాకు పిలిపిస్తే కుదరదు. వారాల ముందే కూర్చోబెట్టాలి. మీ ఊళ్లో పండుగలు ఎప్పుడు ఢీకొంటాయో క్యాలెండరు ఇవాళే చూడొచ్చు, అర్జీ ఇవాళే పెట్టొచ్చు.

ద్వేష ప్రసంగం జరిగితే

షహీన్ అబ్దుల్లా కేసులో సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ పోలీసులకూ, 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలకూ ఒక మాట చెప్పింది: ద్వేష ప్రసంగం మీద ఫిర్యాదు రాకపోయినా కేసు పెట్టాలి, మాట్లాడినవాళ్ల మతం చూడకూడదు, ఆలస్యం చేస్తే కోర్టు ధిక్కారం. సెక్షన్లు బీఎన్‌ఎస్ 196 (పాత 153ఎ), 299 (పాత 295ఎ), 353 (పాత 505). అయితే 2025 మార్చిలో ఇంకో కేసులో అదే కోర్టు, మాటలకు సంబంధించిన ఇలాంటి నేరాల్లో ముందు 14 రోజుల ప్రాథమిక విచారణ జరపడం మంచిదంది. కాబట్టి "విచారణ చేస్తున్నాం" అని జవాబు రావచ్చు. అది డీఎస్పీ అనుమతితో జరుగుతోందా, ఏ తేదీన మొదలైంది అని అడిగి రాసుకోండి, పద్నాలుగో రోజున మళ్లీ వెళ్లండి. వీడియో మొత్తం ఇవ్వండి. కోసి అతికించిన ముప్పై సెకన్ల క్లిప్పు మీ ఫిర్యాదునే చంపేస్తుంది.

రాళ్లు పడటం మొదలైతే

112కి ఫోన్ చేయండి. 100 అయినా పరవాలేదు. "గొడవ జరుగుతోంది, త్వరగా రండి" అంటే ఎక్కడికి రావాలో వాళ్లకు తెలియదు. చోటు, దగ్గరి గుర్తు, సుమారు ఎంతమంది, ఏ వైపు నుంచి ఏ వైపుకు కదులుతున్నారు, చేతుల్లో ఏమున్నాయి, మంటలున్నాయా, గాయపడినవారున్నారా, ఇవి చెప్పండి. మంటలుంటే 101కి, గాయాలుంటే 108కి విడిగా. ప్రతి కాల్ సమయం ఫోన్‌లో ఉంటుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. 9.05కి మొదటి కాల్ చేస్తే, కిలోమీటరు దూరంలో ఉన్న స్టేషన్ నుంచి జీపు 10.40కి వచ్చిందనుకోండి. ఆ గంటా ముప్పై ఐదు నిమిషాల మాట రేపు హైకోర్టులో అఫిడవిట్‌లో ఒక్క వాక్యంగా పెట్టొచ్చు. స్టేషన్ ఇన్‌స్పెక్టరు ఎత్తకపోతే డీఎస్పీకి, ఎస్పీకి మెసేజ్ పెట్టండి. మెసేజ్ మాటల కంటే మేలు, చెరిగిపోదు.

పిల్లల్ని, ముసలివాళ్లను వీధివైపు గదుల నుంచి లోపలికి మార్చండి. మేడెక్కి చూడొద్దు. పోలీసులకు మేడ మీద కనిపించే తల ఏదైనా రాళ్లు వేసే తలే. తర్వాత "నేను ఊరికే చూస్తున్నా" అంటే వినేవాడు ఉండడు.

పోలీసులు బలం ఎలా వాడాలన్నదానికీ పద్ధతి ఉంది. బీఎన్‌ఎస్‌ఎస్ 148 (పాత 129) కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ గానీ, స్టేషన్ అధికారి గానీ, ఆయన లేకపోతే ఎస్సైకి తగ్గని అధికారి గానీ ముందు గుంపును చెదిరిపొమ్మని ఆదేశించాలి. వినకపోతేనే బలం. మామూలుగా హెచ్చరిక, నీటి ఫిరంగి లేదా బాష్పవాయువు, లాఠీఛార్జి, ఆఖరిగా కాల్పులు. సైన్యాన్ని పిలవాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ 149 (పాత 130) కింద జిల్లా మెజిస్ట్రేట్, అంటే కలెక్టరు గానీ, ఆయన అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ గానీ ఉండాలి. మీరు సురక్షితమైన చోట ఉండి కిటికీలోంచి చూడగలిగితే ఒక్క సంగతి గమనించండి: మైకులో హెచ్చరిక వినిపించిందా, ఎన్ని గంటలకు? పోలీసులు గుంపుకు అడ్డంగా నిలబడ్డారా, గుంపు వెనకాల నడిచారా? తర్వాతి విచారణల్లో తేలాల్సింది ఇదే.

కర్ఫ్యూ అంటే చట్టంలో వేరే సెక్షన్ ఏమీ లేదు. 163 ఉత్తర్వుకే అది గట్టి రూపం. మామూలుగా రెండు నెలలకు మించదు, రాష్ట్ర ప్రభుత్వం ఇంకో ఆరు నెలల దాకా పొడిగించొచ్చు. పాలు, మందులు, డయాలసిస్, పురిటి నొప్పులు, వీటికి పాసు ఎవరిస్తారో మొదటి గంటలోనే కనుక్కోండి. 1990 డిసెంబరు కర్ఫ్యూ చూసిన పాతబస్తీ పెద్దలెవరైనా మీ పక్కింట్లో ఉంటే, సడలింపు వేళల్లో ఏవి ముందు కొనాలో నాకంటే బాగా చెబుతారు.

ఇంటర్నెట్ ఆపేస్తే ఆ ఉత్తర్వు బహిరంగంగా ప్రకటించాలని 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటి నిబంధనల ప్రకారం ఒక్క ఉత్తర్వు 15 రోజులకు మించి ఉండకూడదు. నెట్ పోతుందనిపిస్తే ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇప్పుడు ఎవరికీ ఎవరి నంబరూ నోటికి రాదు.

ఇంట్లో కుర్రాణ్ని రాత్రికి రాత్రి పట్టుకుపోతే: ఏ స్టేషన్, ఏ అధికారి అని అడగండి. అరెస్టు సంగతి బంధువుకు చెప్పాలి, 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అరెస్టయినవాళ్ల పేర్లు చూసుకునే అధికారి ప్రతి స్టేషన్‌లో, ప్రతి జిల్లాలో ఉండాలని బీఎన్‌ఎస్‌ఎస్ 37 చెబుతోంది. కుర్రాడి ఆచూకీ దొరకకపోతే ఉచిత న్యాయసహాయం నంబరు 15100.

తెల్లారిన వెంటనే

ఊడ్వకండి. చీపురు పట్టుకోవాలనిపిస్తుంది, నల్లబడ్డ షట్టర్ చూడలేక. అయినా ఆగండి. ముందు నాలుగు వైపులా ఫొటోలు, వీడియో తీయండి. కాలిన ఫ్రిజ్ మీద కంపెనీ స్టిక్కర్, పగిలిన కౌంటర్, గల్లాపెట్టె, బిల్లుబుక్కు మిగిలితే అది కూడా. పోలీసులు పంచనామా రాసేటప్పుడు మీరూ పక్కనే ఉండండి. పోయిన సరుకు విలువను వాళ్లు "సుమారు" అని తగ్గించి రాస్తే, మీ లెక్క విడిగా రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. అగ్నిమాపక శాఖ వచ్చి ఉంటే వాళ్ల నివేదిక కోసం దరఖాస్తు పెట్టండి.

ఎదురు దుకాణం కెమెరాలో ఏముందో ఆ రోజే కాపీ చేయించండి. చాలా రికార్డర్లు రెండు వారాలకో, నెలకో పాతది చెరిపేసి మీద రాసుకుంటాయి. కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద ధ్రువపత్రం కావాలి. కెమెరా యజమాని దాని మీద సంతకం చేయడానికి భయపడితే, ఆ ఫుటేజీ స్వాధీనం చేసుకోమని ఇన్‌స్పెక్టరును రాతపూర్వకంగా అడగండి.

ఎఫ్‌ఐఆర్ సంగతి జాగ్రత్త. అల్లర్ల తర్వాత పోలీసులు చేసే మామూలు పని ఒకటుంది: మొత్తం బస్తీకి కలిపి ఒకే ఎఫ్‌ఐఆర్, "గుర్తుతెలియని మూడు వందల మంది" అని. మీ దుకాణం అందులో ఒక వాక్యం. దాంతో సర్దుకోవద్దు. మీ ఫిర్యాదు మీరు విడిగా రాసి ఇవ్వండి. విడిగా కేసు పెట్టకపోయినా కనీసం మీ వాంగ్మూలం రికార్డు చేయాలి. ఇల్లు తగలబెట్టడం బీఎన్‌ఎస్ 326(జి), యావజ్జీవం దాకా శిక్ష ఉన్న నేరం. దానికి 14 రోజుల ప్రాథమిక విచారణ మాట వర్తించదు, వెంటనే నమోదు చేయాలి. 2013లో లలితా కుమారి కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిందీ అదే. ఆ స్టేషన్‌కు వెళ్లడానికి భయంగా ఉంటే ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ప్రతి ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో మీకు చెప్పాలి. గుర్తుపట్టిన పేర్లు రాసేటప్పుడు మాత్రం నిజంగా చూసినవాళ్లవే రాయండి. పాత పగలు తీర్చుకోవడానికి ఇరికించిన ఒక్క పేరు చాలు, కోర్టులో మొత్తం సాక్ష్యం కూలిపోవడానికి.

గాయాలకు ప్రభుత్వాసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా రాయించండి. ప్రైవేటులో కట్టు కట్టించుకుని ఇంటికొస్తే రుజువు పోయినట్టే.

డబ్బు ఎక్కడెక్కడ వస్తుందో చూద్దాం. మతఘర్షణల్లో చనిపోయినా, 50 శాతం లేదా అంతకు మించి శాశ్వత వైకల్యం వచ్చినా కేంద్ర హోంశాఖ పథకం కింద 5 లక్షల రూపాయలు. దరఖాస్తు కలెక్టరు ద్వారా వెళ్తుంది. బీఎన్‌ఎస్‌ఎస్ 396 కింద బాధితుల పరిహారం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. నిందితుడు దొరకకపోయినా పెట్టొచ్చు. కుల దాడి అయితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద సాయం విడిగా ఉంది. దుకాణానికి ఫైర్ పాలసీ ఉంటే అల్లర్ల నష్టం అందులో ఉందేమో చూడండి, చాలావాటిలో ఉంటుంది. బండికి సమగ్ర బీమా ఉంటేనే వస్తుంది, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు. బీమా కంపెనీకి ఆ రోజే ఈమెయిల్ కొట్టండి, సర్వేయర్ వచ్చేదాకా శిథిలాలు కదపొద్దు. లాయరు ఖర్చుకు భయపడొద్దు. న్యాయసేవల చట్టం సెక్షన్ 12లో జాతి హింస, కుల దాడుల బాధితులకు ఉచిత న్యాయసహాయం ఉంది, వాళ్లకు ఆదాయ పరిమితి అడ్డురాదు.

ఆస్తి నష్టాన్ని అల్లరి చేసినవాళ్ల నుంచే వసూలు చేయడం మీద 2009లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కేసులో ప్రతివాది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. కాగితం మీద బాగుంటుంది గానీ, బాధితుడు దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు.

పని చేయని అధికారి మీద

ఎఫ్‌ఐఆర్ తీసుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, స్పందించకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి 175(3) కింద వెళ్లండి. ఇది అఫిడవిట్‌తో వేయాలి. ఎస్సీ, ఎస్టీ కేసుల్లో విధి నిర్వహించని అధికారికి ఆ చట్టం సెక్షన్ 4 కిందే ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది.

ప్రభుత్వం నుంచే పరిహారం కావాలంటే హైకోర్టులో రిట్ (హక్కుల రక్షణ కోసం నేరుగా వేసే పిటిషన్) వేయాలి. దీనికి గట్టి తీర్పులున్నాయి. 1984 సిక్కుల ఊచకోతలో భర్తను కోల్పోయిన భజన్ కౌర్ కేసులో ఢిల్లీ హైకోర్టు 1996లో, ప్రాణాలు కాపాడటం రాజ్యం బాధ్యత, కాపాడలేకపోతే పరిహారం చెల్లించాలి అని తేల్చి 3.5 లక్షలు ఇప్పించింది. ముజఫర్‌నగర్ అల్లర్ల మీద 2014లో సుప్రీంకోర్టు, నిఘా వర్గాలతో కలిసి ముందే ఆపాల్సిన బాధ్యత రాష్ట్ర యంత్రాంగానిదేననీ, నిర్లక్ష్యం చేసిన అధికారి ఎంతటివాడైనా చట్టం కిందికి రావాలనీ అంది. మీ లాయరుకు ఈ రెండూ చెప్పండి. వాటి పక్కన ముద్ర పడిన మీ అర్జీ, స్పీడ్ పోస్టు రసీదు, కాల్ సమయాలు పెట్టండి.

రిట్ వేసేలోపు సమాచార హక్కు కింద ఇవి అడగండి: మీ అర్జీ మీద జనరల్ డైరీలో ఏం రాశారు, పై అధికారికి ఏ తేదీన పంపారు, ఆ రోజు బందోబస్తు ఉత్తర్వులో ఎంతమందిని ఎక్కడ పెట్టారు, 163 ఉత్తర్వు ప్రతి, బైండోవర్లు ఎన్ని, ఆ రాత్రి 112కి మీ చోటు నుంచి వచ్చిన కాల్స్ సమయాలు. దర్యాప్తుకు ఆటంకం అంటూ కొన్ని తిరస్కరిస్తారు. మొదటి అప్పీలు వేయండి. స్టేషన్ సీసీ కెమెరాల రికార్డింగును 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది కాబట్టి, దాన్ని చెరిపేయకుండా ఉంచమని ఒక లేఖ ముందే పెట్టండి.

రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు తెల్లకాగితం మీద రాసినా చాలు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అయితే సంఘటన జరిగిన ఏడాదిలోపే పంపాలి. ఆ గడువు దాటితే వాళ్లు విచారించలేరు. అందుకే విచారణ కమిషన్ వేస్తామని ప్రభుత్వం ప్రకటించినా, దాని నివేదిక కోసం ఆగకుండా ఇది ముందే పంపేయండి.